లోపల్నించి కొట్టిన తలుపు

ఖిదిర్‌పూర్ డాకులో మూడో గేటు దాటగానే ఒక పాత గోదాము ఉండేది. దాని వెనకవైపు ఇనప తలుపున్న గది ఒకటి. చీకటి పడితే ఆ గది దరిదాపులకి ఎవరూ వెళ్లేవారు కారు.

బెంగాలీ గుమాస్తాలు దాని ఊసే ఎత్తరు. మరీ అడిగితే కళ్లతో అటు చూపించి, "ఓఖానే ఆఛే" అంటారు. అక్కడ ఉంది అని. ఏముంది అంటే మాట మార్చేస్తారు. మన శ్రీకాకుళం వాళ్లకి ఆ మొహమాటం లేదు. "గాలుంది" అని, అంటే దెయ్యముందని, తేల్చి చెప్పేస్తారు.

రాత్రిపూట లోపల్నించి ఎవరో తలుపు కొడతారట. బైట తాళం... లోపల మనిషి లేడు... అయినా కొడతారట. మూడు దెబ్బలు. కాస్త ఆగి మళ్లీ మూడు దెబ్బలు.

స్వయంగా విన్నవాడెవడయ్యా అని అడిగితే ఒక్కడూ ముందుకు రాడు. ప్రతివాడికీ ఇంకొకడు చెప్పిందే. ఇలాంటి కథలన్నీ ఇంతే. పిరికివాడు ఒకడు పుట్టిస్తాడు, పనిలేనివాళ్లు పదిమంది పెంచుతారు. నాకు వీటిమీద ఏ మాత్రం గౌరవం లేదు. ఈ ఒక్కటి మాత్రం చెప్తున్నానంటే, నాకు చెప్పినవాడికి నాకన్నా తక్కువ గౌరవం కాబట్టి.

అతని పేరు అప్పలసూరి. అదే ఊళ్లో సెక్టార్ ఫైవ్‌లో మా ఆఫీసుకి కంప్యూటర్లు చూసుకోడానికి వచ్చాడు. పుట్టిందీ పెరిగిందీ ఖిదిర్‌పూర్ కూలీల క్వార్టర్లలో. తెలుగు మాట్లాడతాడు గాని చదవమంటే తడుముకుంటాడు. దేన్నీ నమ్మడు, ఎవర్నీ లెక్కచెయ్యడు. మా దగ్గరికి రాకముందు అతను పనిచేసింది ఆ గోదాములోనే.

కంపెనీ పేరు చెప్పను. చెప్పుకునేంత పేరు దానికి లేదు కూడా. ఓడల్లో వచ్చిన సరుకు దింపించి, కాగితాలు నడిపించే ఏజెన్సీ.

ఆ గదికి చెడ్డపేరు ఎనభైనాలుగులో వచ్చింది. పప్పుధాన్యాలు, గోధుమలు వచ్చే ఓడల్లో పురుగు పట్టకుండా సరుకుకి విషపు గ్యాసు పట్టిస్తారు. ఓడ కడుపులో సరుకు నింపే గదుల్ని డాకులో ఫల్కాలంటారు. గ్యాసు పోయిందో లేదో చూడకుండా నలుగురు కూలీల్ని ఒక ఫల్కాలోకి దింపారు. పైకి లాగేసరికి నలుగురిలోనూ కదలిక లేదు. డాక్టరు దూరం నించే చూసి తల అడ్డంగా ఊపాడు. పోలీసులు పొద్దున వస్తామన్నారు. ఆ రాత్రికి నలుగుర్నీ ఈ గదిలో గోనెపట్టాల మీద పడుకోబెట్టి తాళం వేశారు.

తెల్లారాక యూనియన్ వాళ్లు జెండాలతో వచ్చారు. కంపెనీ వాళ్లు దండలతో వచ్చారు. కాసేపు అరుచుకుని, కలిసి టీ తాగి, ఎవరి దారిన వాళ్లు పోయారు. మిగిలింది దెయ్యం ఒక్కటే.

ఇరవై ఏళ్ల తర్వాత కంపెనీకి కంప్యూటర్లు వచ్చాయి. మెయిల్ సర్వర్ అని ఒక పెట్టె కొన్నారు. ఆఫీసుకి వచ్చే ఉత్తరాలన్నీ ముందు దాంట్లోకి వచ్చి, అక్కణ్ణించి అందరి బల్లలకీ వెళ్లాలి. దానికి చల్లటి గది, మూసున్న గది కావాలి. ఎవరికీ అక్కర్లేని గది ఒకటి ఎలాగూ ఉంది గదా అని అక్కడ పెట్టించారు.

"దెయ్యానికి ఏసీ పెట్టించిన కంపెనీ దేశంలో అదొక్కటే అయుంటాది," అనేవాడు అప్పలసూరి.

ఇక ఆ రాత్రి సంగతి.

రెండువేల ఎనిమిది జనవరి. శనివారం. సర్వర్‌లో నడిచే ప్రోగ్రాంకి కొత్త వెర్షన్ వచ్చిందనీ, వేసుకోకపోతే ప్రమాదమనీ దాన్ని అమ్మినవాళ్లు ఆర్నెల్లుగా రాస్తున్నారు. మేనేజరు పరితోష్ బాబు ఆ ఉత్తరాల్ని చదవకుండా అప్పలసూరికి తోసేవాడు. చదవకుండా తోసెయ్యడమే అతని ఉద్యోగం. ఆ శనివారం ఎందుకో ఒకటి చదివాడు.

"ఈ రాత్రికి వేసెయ్," అన్నాడు బెంగాలీలో, మఫ్లరు చుట్టుకుంటూ. "సోమవారం పొద్దున నా మెయిల్ తెరుచుకోవాలి."

చెప్పి ఇంటికి పోయాడు.

అప్పలసూరి పైఅంతస్తులో తన బల్ల దగ్గరే కూచుని కొత్త వెర్షన్ వేశాడు. దూరం నించే వేసే వీలుంది. తొమ్మిదింటికి పని పూర్తయింది. అంతా సవ్యంగా జరిగిందని తెరమీద ఆకుపచ్చ గుర్తు కూడా పడింది.

మెయిల్ తెరిచాడు. సర్వర్‌తో కనెక్షన్ కుదరడంలేదని వచ్చింది.

పక్క కంప్యూటర్ మీద చూశాడు. అదే మాట. ఇంకోటి... అదే మాట.

బాగుచేస్తామని వచ్చి పాడుచేసి పోయేవాళ్లని అతను చాలామందిని చూశాడు. మున్సిపాలిటీ వాళ్లు రోడ్డు తవ్వినట్టే ఇదీ అనుకున్నాడు. తీరిగ్గా మొదలుపెట్టాడు. సర్వర్‌ని పింగ్ చేసి చూస్తే బదులు పలుకుతోంది. అంటే పెట్టె బతికే ఉంది, తీగ తెగలేదు. మెయిల్ మాత్రం తీసుకోదు, ఇవ్వదు. లోపలికెళ్లి చూస్తే మెయిల్ నడిపే సర్వీసు ఆగిపోయి ఉంది. నడిపించాడు. కనెక్షన్ వచ్చింది. మూడు నిమిషాలు బాగానే ఉంది... పోయింది.

మళ్లీ నడిపించాడు. మూడు నిమిషాలు... పోయింది.

సరిగ్గా మూడు నిమిషాలే. అవతల కూచుని ఎవరో లెక్కపెట్టి ఆపుతున్నట్టు.

అప్పటికైతే సోమవారం దాకా వదిలేసి ఇంటికి పోయేవాడే. పదిన్నరకి ఫోను మోగింది.

రంగూన్ నించి. అక్కడ సరుకు ఎక్కించిన ఏజెంటు. లైన్లో గాలివానలా హోరు. ఒక్కో ముక్క వినబడుతోంది.

"...మీ ఓడ... రేపు విప్పేది... ఒక ఫల్కాలో గ్యాసు ఇంకా ఉంది. ఏ నంబరుదో మెయిల్లో రాశాను. ఇందాకట్నించీ పంపిస్తుంటే తిరిగొచ్చేస్తోంది. అది చూడకుండా తెరవొద్దు—"

లైను తెగిపోయింది. అప్పలసూరి తిరిగి చేశాడు. పదిసార్లు చేశాడు. రంగూన్ కలవలేదు.

ఆ ఓడ పేరు అతనికి తెలుసు. కందులతో వచ్చి నాలుగో బెర్తులో కట్టి ఉంది. పొద్దున ఆరింటికి మొదటి గేంగు దిగుతుంది. ఆ గేంగుకి సర్దారు కూర్మయ్య. అప్పలసూరికి చిన్నాన్న. తండ్రి పోయాక పెంచిందీ, కంప్యూటరు కోర్సుకి పంపించిందీ ఆయనే.

ముందు మేనేజరుకి ఫోను చేశాడు. పరితోష్ బాబు నిద్రగొంతుతో అంతా విన్నాడు.

"కాగితం ఉందా?"

"మెయిల్లో ఉంది దాదా. మెయిల్ పనిచెయ్యట్లేదు."

"నోటిమాట మీద ఓడ ఆపమంటే పోర్టు వాళ్లు నవ్వుతారు. కాగితం సంపాదించు. లేకపోతే సోమవారం చూద్దాం."

సోమవారం దేన్ని చూస్తాడో అడగాలనిపించింది. అప్పటికే పెట్టేశాడు.

చిన్నాన్న డాకులోనే, గేంగు పడుకునే షెడ్డులో ఉన్నాడు. ఆయనకీ ఫోను చేసి చెప్పాడు.

"ఏ ఫల్కాలోనట్రా?"

"అదే తెలీదు సిన్నాన్నా."

"ఐదున్నాయి. అయిదూ మూయించమంటే ఎవులింటారు? నాను దిగనంటే నన్ను పక్కనెట్టి ఇంకోణ్ణి దింపుతారు. ఆడికీ పెళ్లాం పిల్లలు ఉండరేటి?" కూర్మయ్య దగ్గి గొంతు సవరించుకున్నాడు. "నంబరున్న కాగితం ఏదేనా ఉంటే ఆరులోపు తే. ఆఫీసరు సేతిలో నానెడతాను."

అప్పలసూరి ఫోను చార్జింగుకి పెట్టి కిందికి దిగాడు.

కింద కాపలా ఉండేది బైరాగి. అరవై ఏళ్లవాడు. మనవాడే, టెక్కలి వైపు. మంకీ క్యాపు, దుప్పటి, కర్ర. వెనక గది తాళంచెవి మొలతాడుకి కట్టుకుని తిరుగుతాడు గాని ఆ గది ముందునించి మాత్రం నడవడు. దెయ్యం కథ కొత్తవాళ్లకి చెప్పేది కూడా అతనే. ఒక్కొక్కణ్ణీ పక్కన కూచోబెట్టుకుని మరీ చెప్తాడు. అప్పలసూరికి ఆ ముసలాణ్ణి చూస్తే ఒళ్లు మండేది.

"తాళంచెవి ఇయ్యి మావా."

బైరాగి కదల్లేదు. "ఈ ఏళప్పుడా?"

"ఊఁ."

"తెల్లారనీరా సూరీ... నీకు తెల్దు."

"నాకు తెలిసిందేటో సెప్పనా? నువ్వు కాపలా కాసేది గోదాముని కాదు. నీ ప్రాణాన్ని."

బైరాగి తాళంచెవి విప్పి, కర్ర కొనకి తగిలించి, దూరం నించే చాచాడు. అది తీసుకుంటూ అప్పలసూరి నవ్వాడు. ఆ నవ్వు తనకి ఇప్పటికీ గుర్తుందన్నాడు నాతో.

బైట మంచు. హుగ్లీ మీదనించి వచ్చే మంచు డాకు దీపాల్ని మింగేస్తోంది. అతను తాళం తీసి, చెవి దాంట్లోనే ఉంచి, గొళ్లేనికి తగిలించాడు. తలుపు తోశాడు. లోపల చల్లగాలి మొహానికి కొట్టింది... ఏసీ గాలే. మూలన సర్వర్. దానిమీద చిన్న పచ్చదీపం. పక్కన పాత డాట్ మేట్రిక్స్ ప్రింటరు, దుమ్ము కప్పుకుని. నేలంతా బోసిగా ఉంది.

తలుపు చేరవేసి కూచున్నాడు.

పది నిమిషాలైందో లేదో... దబ్.

తల తిప్పాడు.

దబ్... దబ్.

బైరాగి అనుకున్నాడు. లేచి తలుపు తీశాడు. ఎవరూ లేరు. మంచు, దూరంగా గేటు దీపం. తలుపు వేసి వెనక్కి తిరిగాడు... మళ్లీ దబ్. ఈసారి తల పైకెత్తి చూశాడు. ఏసీ పెట్టె నించి బైటికి పోయే గొట్టం వదులై గోడకి కొట్టుకుంటోంది. అంతే. కుర్చీ ఎక్కి దానికో గుడ్డపీలిక చుట్టాడు. చప్పుడు ఆగిపోయింది.

ఇరవై నాలుగేళ్లుగా డాకు డాకంతా దీన్ని తల్చుకుని వణుకుతోందా అనుకున్నాడు. ఏసీ పెట్టి మూడేళ్లేనన్న సంగతి అతనికి ఆ నిమిషంలో తట్టలేదు.

పనిలో పడ్డాడు. సర్వర్‌కి వచ్చేపోయే వాటికి నంబర్లున్న దారులుంటాయి. తలుపులే అనుకోండి. ఉత్తరాలు లోపలికి రావడానికొకటి, పంచడానికొకటి. కొత్త వెర్షన్‌తో పాటు ఒక కాపలా ప్రోగ్రాం కూడా దిగబడింది. అది ఎవర్నీ అడక్కుండా తలుపులన్నీ మూసేసింది. దూరం నించి ఎవరైనా తెరిస్తే దొంగ తెరిచాడనుకుని మూడు నిమిషాల్లో మళ్లీ మూసేస్తోంది. సర్వర్ ఎదురుగా కూచుని, దాని కీబోర్డు మీద చెప్తేనే వింటుంది. ఈ ముక్క ఆ ప్రోగ్రాం రాసినవాళ్లు ఎక్కడా రాయలేదు. రంగురంగుల బొమ్మలు మాత్రం నలభై పేజీలు పెట్టారు.

అది పట్టుకోడానికి అతనికి రెండున్నర గంటలు పట్టింది. మధ్యలో ఒకసారి పైకి వెళ్లి, తన బల్ల మీంచి కలుస్తుందో లేదో చూసి, దీపం ఆర్పకుండానే కిందికొచ్చాడు.

సర్వర్ తన దినచర్యంతా రాసుకునే జాబితా ఒకటుంటుంది. దాన్ని తెరిస్తే అందులో రంగూన్ కనబడింది. ఆ రాత్రి పదిహేను నిమిషాలకొకసారి ఆ మెయిల్ వచ్చి తలుపు తట్టింది. ప్రతిసారీ పక్కన ఒకటే మాట... అనుమతి లేదు. మళ్లీ వచ్చింది. అనుమతి లేదు. మళ్లీ... తెర కిందిదాకా అదే వరస. తొమ్మిదింటి నించి రెండింటిదాకా ఇరవైసార్లు.

చూస్తుంటే తనకి కొంచెం భయంవేసిందని ఒప్పుకున్నాడు. దెయ్యం భయం కాదు. లోపల తెలివైన కాపలా ఉంది. బైట మనుషుల ప్రాణాలు పట్టుకుని ఒకటి తలుపు కొడుతోంది. కాపలా తన పని తాను బ్రహ్మాండంగా చేస్తోంది.

రెండుంబావుకి ఆ కాపలాని పీకిపారేశాడు. తలుపులు తెరిచాడు. మూడు నిమిషాలు చూశాడు. ఐదు. పది. కనెక్షన్ నిలబడింది.

ఇక రంగూన్ మళ్లీ రావాలి. రాలేదు. అన్నిసార్లు తిరస్కరిస్తే పంపేవైపు కూడా విసిగి ఎడం పెంచుతుంది. రెండున్నర... మూడు... చేతులు చంకల్లో పెట్టుకుని తెరవైపు చూస్తూ కూచున్నాడు. మూడూ నలభైకి జాబితాలో కొత్త గీత పడింది. వచ్చింది. తీసుకున్నాం.

తెరిచాడు. గ్యాసు పట్టించినవాళ్ల కాగితం. నాలుగో నంబరు ఫల్కా. సోమవారం సాయంత్రం దాకా తెరవకూడదు. కింద ముద్ర, సంతకం.

ప్రింటరు మీట నొక్కాడు. అది కీచుమని అరుస్తూ ఒక కాపీ కక్కింది. చేతిలోకి తీసుకుని తలుపు లాగాడు.

రాలేదు.

బలంగా లాగాడు. బైట తాళం గణగణలాడింది.

ఏం జరిగిందో అక్కడే అర్థమైంది. పైన దీపం చూసి అతను పైనున్నాడనుకున్నాడు బైరాగి. వెనక గదికి తాళం లేదని గుర్తొచ్చి, లోపలున్నది ఎక్కడ బైటికొచ్చేస్తుందోనని వచ్చి, కళ్లు మూసుకుని తాళం నొక్కేసి పోయాడు.

అప్పలసూరి తలుపు కొట్టాడు. అరిచాడు. అంగుళం మందం ఇనుము. మాట దూరం పోదు, దెబ్బ పోతుంది. పిడికిలితో కొట్టాడు, కుర్చీతో కొట్టాడు. దబ్ దబ్ దబ్... ఆగి, చెవి ఆనించి విన్నాడు. దూరంగా ఎవరో పరిగెడుతున్న చప్పుడు. తలుపు వైపుకి కాదు... గేటు వైపుకి.

తనలో తానే తిట్టుకుంటూ నవ్వాడట. రేపు ముసలాడు కొత్తవాళ్లందరికీ చెప్తాడు. ఈసారి నా చెవులతో విన్నానని చెప్తాడు.

ఫోను పైన చార్జింగులో ఉంది. చేతిలో ఉన్నదల్లా మెయిల్ ఒక్కటే. ఇప్పుడే బాగుచేసిన మెయిల్. పరితోష్ బాబుకి రాశాడు... నేను వెనక గదిలో ఇరుక్కున్నాను, నాలుగో ఫల్కా తెరవొద్దని పోర్టుకి ఫోన్ చెయ్యండి. క్షణంలో జవాబు వచ్చింది. ఆత్రంగా తెరిచి చూశాడు.

"నేను ప్రస్తుతం ఆఫీసులో లేను. సోమవారం మీకు సమాధానం ఇస్తాను. ధన్యవాదాలు."

అది దానంతటదే పోయే జవాబు. పెట్టుకోవడం అప్పలసూరే నేర్పాడు.

రంగూన్‌కి రాశాడు. పోర్టు ఆఫీసు చిరునామాకి రాశాడు. శనివారం రాత్రి, తెల్లారితే ఆదివారం. ఎవడు చూస్తాడు. మళ్లీ తలుపు దగ్గరికెళ్లి కొట్టాడు. వేళ్ల కణుపులు పగిలి నెత్తురొచ్చేదాకా కొట్టాడు. ఎవరూ రాలేదు. గడియారం ఐదు దాటింది.

చిన్నాన్న ఈపాటికి లేచి మొహం కడుక్కుంటుంటాడు. ఖైనీ నలుపుకుని, తుండుగుడ్డ తలకి చుట్టుకుని, అందరికన్నా ముందు తానే దిగుతాడు. సర్దార్లు పైన నిలబడి కేకలేస్తారు. కూర్మయ్య మాత్రం ఎప్పుడూ అలా చెయ్యలేదు.

అప్పుడతను నేలమీద చతికిలబడ్డాడు. ఆ గోనెపట్టాల సంగతి అప్పుడు తల్చుకున్నాడట. నలుగురు ఎక్కడ పడుకుని ఉంటారో... తల ఎటువైపో.

ఉత్తినే కూచోలేక చేతిలో కాగితం చూసుకున్నాడు. ప్రింటరు రిబ్బను ఎండిపోయి అక్షరాలు వెలవెలబోతున్నాయి. నంబరు నాలుగో ఒకటో తెలీడం లేదు. ఇలాంటిది చూపిస్తే ఆఫీసరు విసిరికొడతాడు. లేచి, తలుపు వైపు వీపు తిప్పి, రిబ్బను తీసి తిరగేసి బిగించి, రెండో కాపీకి మీట నొక్కాడు. ప్రింటరు మళ్లీ అరవడం మొదలుపెట్టింది. ఆ గోలలో ఇంకేం వినపడదు.

వీపుకి చలిగాలి తగిలింది.

తిరిగాడు. తలుపు బార్లా తీసి ఉంది. గుమ్మంలో బైరాగి. టోపీ లేదు, దుప్పటి లేదు. రెండు చేతులతో తాళం పట్టుకుని ఉన్నాడు. మొహమంతా తడిగా ఉంది.

"బతికే ఉన్నావేటి?" అన్నాడు గొణుగుతున్నట్టు.

అప్పలసూరి కాగితం చింపుకుని, ముసలాణ్ణి భుజంతో తోసేసి పరిగెత్తాడు.

నాలుగో బెర్తు చేరేసరికి ఆరుకి ఎనిమిది నిమిషాలుంది. మూతలు అప్పటికే తీస్తున్నారు. ఒకటోది, రెండోది అయింది. మూడోదాని దగ్గర ఉన్నారు. కూర్మయ్య కాగితం తీసుకుని, తిరగేసి మరగేసి చూసి, తనకి చదవడం రాకపోయినా ఆఫీసరు ముక్కు ముందు పెట్టి నిలబడ్డాడు. ఆఫీసరు విసుక్కున్నాడు. ముద్ర చూసి తగ్గాడు. పదింటికి ముసుగులేసుకున్నవాళ్లు వచ్చి నాలుగో ఫల్కాలోకి గొట్టం దింపి కొలిచారు. వాళ్లలో ఒకడు ముసుగు తీసి కూర్మయ్యని అడిగాడట, ఇందులో ఎంతమంది దిగాల్సింది అని. ఎనిమిదిమందని చెప్పాడు.

అతను ముసుగు మళ్లీ తగిలించుకున్నాడు.

సోమవారం పరితోష్ బాబు అందరికీ ఒక మెయిల్ పెట్టాడు. తాను సకాలంలో స్పందించడం వల్ల పెద్ద ప్రమాదం తప్పిందని రాశాడు. అప్పలసూరికి వేరే ఇంకొకటి పెట్టాడు... అనుమతి లేకుండా కాపలా ప్రోగ్రాం ఎందుకు తీసేశావో సంజాయిషీ ఇవ్వమని. మెయిల్ చక్కగా పనిచేస్తోందనడానికి అంతకన్నా రుజువేం కావాలి.

ఆ సాయంత్రం అప్పలసూరి బైరాగి కోసం వెతికాడు. చెడామడా తిట్టడానికే. ముసలాడు గేటు దగ్గర స్టూలు మీద కూచుని ఉన్నాడు. చేతికి కట్టుకట్టుకుని వస్తున్న కుర్రాణ్ణి చూసి లేచి నిలబడ్డాడు.

"ఏటి మావా, గాలి కొడతాందనుకున్నావా?"

"అనుకున్నాను." బైరాగి తల దించుకున్నాడు. "సూరీ, నీకో మాట సెప్తాను. నన్ను కొట్టినా సరే. ఆ గదిలో గాలీ నేదు, దూళీ నేదు. ఆ కొట్టుడు కత నాను పుట్టించినదే."

బైరాగి మళ్లీ స్టూలు మీద కూలబడ్డాడు.

"ఆ నలుగుర్నీ పడుకోబెట్టిన రాత్రి కాపలా నానే. నడిరేతిరి లోపల్నించి తలుపు కొట్టినారు. నిజింగా కొట్టినారు. పారిపోనాను... గేటు కాడ కూకుని సెవులు మూసుకున్నాను. తెల్లారగట్ల ఆగిపోనాది. తాళం తీసి సూస్తే ముగ్గురు పడుకోబెట్టినకాడే ఉన్నారు. ఒకడు మాత్తరం తలుపు కాడ... కూకుని. గోళ్లు నేవు."

గేటు బైట బస్సు కండక్టరు బాబూఘాట్, బాబూఘాట్ అని అరుస్తున్నాడు. బస్సు పోయాక బైరాగి మళ్లీ అందుకున్నాడు.

"ఆణ్ణి నానే ఎత్తి మళ్లీ వరసలో పడుకోబెట్టీసినాను. ఎవులికీ సెప్పనేదు. ఆ రేతిరి సప్పుడు ఎవులైనా ఇన్నారేమో, అడుగుతారేమో అని... అది దెయ్యమని నానే సాటింపేసినాను. ఇరవై నాలుగేళ్లు ఆ అబద్దం మీదే బతికినాను."

ఆ ముసలాడంటే తనకి అంతకుముందున్న అసహ్యం ఎంత చిన్నదో అప్పుడు తెలిసిందన్నాడు అప్పలసూరి. ఇప్పుడు కలిగింది మాత్రం వేరే రకంగా ఉందన్నాడు. కొట్టబుద్ధి కాలేదు. పక్కన కూచోబుద్ధీ కాలేదు.

"మరి మొన్న ఎందుకు తీసేవు?" అని మాత్రం అడిగాడు.

"మొన్న కూడా పారిపోనాను కదా. తెల్లారగట్ల కొట్టడం ఆగిపోనాది... ఆ రోజునాగే. అది ఇని ఉండనేకపోనాను. తలుపు కాడికొచ్చి ఎవులని అడిగినాను. లోపల్నించి పేరు సెప్పినావు. అందుకే తీసినాను."

"పేరా?"

బైరాగి ఆశ్చర్యంగా చూశాడు. "నువ్వే కదేటి. 'నాను నరసయ్యని, బతికే ఉన్నాను, తలుపు తియ్యి బావా' అన్నావు. ఆ రేతిరి కూడా ఆడు అదే మాట అన్నాడు. ఆడి పేరు నీకెవులు సెప్పినారా అని మొన్నట్నించీ నాను ఆలోసిస్తన్నాను."

ఇదీ అప్పలసూరి నాకు చెప్పింది. మా ఆఫీసు మెట్లమీద కూచుని, సిగరెట్టు మధ్యలోనే నలిపేసి చెప్పాడు. ముసలాడికి మతి చలించిందన్నాడు. పాత రాత్రీ కొత్త రాత్రీ కలిసిపోయాయన్నాడు. నేనూ అంతే అన్నాను. అందులో సందేహం ఏముంది.

కాసేపటికి అతనే మళ్లీ అన్నాడు, నావైపు చూడకుండా.

"ఆ పేరు నేనంతకు ముందు వినలేదన్నా. నేను నోరే విప్పలేదు. ఆ టయానికి ప్రింటరు కాడ ఉన్నాను, అటు తిరిగి... తలుపు కాడ ఉన్నది నేను కాదు."